మన క్లబ్బులో మనకో ఓటు: ఫుట్‌బాల్ అభిమానుల సంఘం పెట్టుకునే పద్ధతి

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి అభిమాని. మ్యాచ్ ఉంటే వెళ్తారు, బంతులకీ నెట్లకీ చందా ఇస్తారు, మీ అబ్బాయో అమ్మాయో అండర్-14లో ఆడుతుంటారు. ఒకరోజు జెర్సీ రంగు మారిపోతుంది. కొన్నాళ్లకు కోచ్ మారతాడు. ఆ తర్వాత క్లబ్బు పేరుకి ముందు ఏదో కంపెనీ పేరు వచ్చి కూర్చుంటుంది. ఎవరు నిర్ణయించారని అడిగితే "ప్రెసిడెంటు గారు" అంటారు. ఆ ప్రెసిడెంటు గారిని ఎవరు ఎన్నుకున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం అక్కడ చిక్కుకున్నవాళ్ల కోసం.

ముందే ఒక మాట. క్లబ్బు నడిపేవాళ్లంతా దొంగలనుకుని మొదలుపెట్టకండి. మన వైపు ఫుట్‌బాల్ ఈ మాత్రం బతికుందంటే సొంత డబ్బు పెట్టిన ఒకరిద్దరు పెద్దమనుషుల వల్ల, జీతంలోంచి గోల్‌పోస్టుకి రంగు వేయించిన పీఈటీ సార్ల వల్ల. వాళ్లున్నంత కాలం బాగానే ఉంటుంది. వాళ్ల తర్వాత ఎవరో వచ్చి క్లబ్బు నాదే అంటే ఆపడానికి మీ చేతిలో కాగితం ఏదీ ఉండదు. ఆ కాగితం సంపాదించడమే ఈ పనంతా.

ముందు క్లబ్బు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోండి

మీ క్లబ్బు చట్టం దృష్టిలో ఏమిటి? సొసైటీయా, ట్రస్టా, కంపెనీయా, లేక బ్యానరూ రబ్బరు స్టాంపూ తప్ప ఏమీ లేదా? చివరిది కూడా అరుదేం కాదు.

సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటుంది. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో రుసుము కట్టి దరఖాస్తు పెడితే వాళ్లు దాఖలు చేసిన మెమొరాండం, నియమావళి, కార్యవర్గం జాబితా నకళ్లు తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కదా, పాత క్లబ్బుల ఫైళ్లు ఏ ఆఫీసులో ఉన్నాయో ముందే కనుక్కుని వెళ్లండి, ఒక పూట మిగులుతుంది. కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి దాని పత్రాలు చూడవచ్చు.

నియమావళి చేతికొచ్చాక మొత్తం చదవకపోయినా ఫర్వాలేదు. 'సభ్యులు' అనే నిబంధన దగ్గర ఆగండి. ఎవరు సభ్యులు కావచ్చు? ఎవరు చేర్చుకుంటారు? కాదనే అధికారం ఎవరిది? ఓటు ఏ రకం సభ్యులకుంది? క్లబ్బు రాజకీయమంతా ఆ నాలుగు లైన్లలోనే ఉంటుంది.

జర్మనీ ఉదాహరణ చూడండి. అక్కడ 1998 నుంచి ఒక నిబంధన ఉంది: క్లబ్బు కంపెనీగా మారినా ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలి. 50+1 అంటారు. బయర్న్ మ్యూనిక్ లాంటి క్లబ్బుకి సభ్యులు లక్షల్లో ఉన్నారు. అదే దేశంలో 2009లో ఒక పానీయాల కంపెనీ లైప్జిగ్‌లో క్లబ్బు పెట్టింది. నిబంధనను అక్షరాలా పాటించింది. కాకపోతే ఓటున్న సభ్యుల్ని మాత్రం పిడికెడు మందిగానే ఉంచింది, వాళ్లలోనూ ఎక్కువమంది కంపెనీతో సంబంధం ఉన్నవాళ్లే. మిగతా జర్మనీ అభిమానులకు ఆ క్లబ్బంటే ఇప్పటికీ ఒళ్లు మంట. చట్టం ఎంత మంచిదైనా, సభ్యుడెవరో తేల్చే అధికారం ఒకడి చేతిలో ఉంటే మొత్తం అతని చేతిలో ఉన్నట్టే.

మనుషుల్ని కూడగట్టడం

వాట్సాప్ గ్రూపు పెట్టడం అందరికీ వచ్చు, దాని గురించి రాయను. గ్రూపులో రెండు వందల మంది ఉంటారు, మీటింగుకి పదకొండు మంది వస్తారు. ఆ పదకొండు మందే మీ బలం.

మొదటి మీటింగు మ్యాచ్ అయిన వెంటనే గ్రౌండు దగ్గరే పెట్టండి. హోటల్ హాలు వద్దు, ఎవరింట్లోనూ వద్దు. ఎవరింట్లో కూర్చుంటే ఆ సంఘం వాళ్లదని పేరు పడుతుంది. తారీఖు పెట్టేటప్పుడు మన ఊరి క్యాలెండరు చూసుకోండి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, వైకుంఠ ఏకాదశి వారం, మే నెలలో గంగజాతర, ఈ మూడింటిలో తిరుపతివాళ్లెవరూ ఖాళీగా ఉండరు. శనివారం అసలే వద్దు. కొండకి జీపు తోలేవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, దేవస్థానంలో షిఫ్టు డ్యూటీలవాళ్లు మీ క్లబ్బు వెనక ఉన్న జనంలో సగం మంది ఉండొచ్చు. వాళ్లు రాలేని రోజున మీటింగు పెడితే ఉద్యోగస్తులూ, షాపులవాళ్లే మిగులుతారు, తర్వాత కమిటీ కూడా వాళ్లతోనే నిండుతుంది. ఇది చాలా సంఘాలకి తెలియకుండానే జరిగే తప్పు.

ఆటగాళ్ల తల్లుల్ని తప్పకుండా పిలవండి. పిల్లల్ని తెల్లవారుజామున లేపి పంపేదీ, బూట్లు కొనిపెట్టేదీ వాళ్లే. క్లబ్బు ఫీజు ఎప్పుడు ఎంత పెరిగిందో నాన్నలకు గుర్తుండదు, అమ్మలు తారీఖుతో సహా చెప్తారు.

ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి. తేదీ, చోటు, వచ్చినవాళ్ల పేర్లు, సంతకాలు, ఏం మాట్లాడుకున్నారు, ఏం తీర్మానించారు. మధ్యలో ఖాళీ వదలకుండా, పేజీలకి నంబర్లు వేసి రాయండి. మొదటి రోజు ఇదంతా అతిగా అనిపిస్తుంది. ఏడాది తర్వాత "ఆ రోజు నేనలా అనలేదు" అని ఒకరు అంటారు చూడండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

సంఘం రిజిస్టర్ చేయించడం

2001 చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టవచ్చు. చట్టం ఒప్పుకునే ఉద్దేశాల్లో క్రీడలు కూడా ఉన్నాయి, జూదం తప్ప. పేరు, చిరునామా, ఉద్దేశాలు రాసిన మెమొరాండం ఒకటి, నియమావళి ఒకటి, సభ్యుల సంతకాలు, గుర్తింపు కార్డులు, సాక్షులు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంటు రైటర్లు తయారుగా ఉన్న నియమావళి ఒకటి చేతిలో పెడతారు. పేరూ ఊరూ మార్చి సంతకం చేయడమే. దయచేసి ఆ పని చేయకండి. ఆ నమూనాలో సభ్యుల్ని చేర్చుకునే, తీసేసే అధికారం తరచూ కార్యవర్గానికే ఉంటుంది. మీరు ఎవరితో పేచీ పెట్టుకుంటున్నారో వాళ్ల రోగమే మీకూ అంటుకుంటుంది.

మీరే కూర్చుని రాసుకోండి. ఈ కింది సంగతులు మాత్రం వదలొద్దు.

మనిషికి ఒక ఓటు. పదివేలు చందా ఇచ్చినా, వంద ఇచ్చినా అంతే. సభ్యత్వం రుసుము ఆటో తోలేవాడికి భారం కానంత పెట్టండి, ఏడాదికి వంద చాలు. పద్దెనిమిది నిండినవాళ్లకు ఓటు, చిన్న ఆటగాళ్ల తరఫున తల్లిదండ్రుల్లో ఒకరికి. ఒకరి ఓటు ఇంకొకరు వేసే పద్ధతి వద్దే వద్దు. "మా బావమరిది బెంగళూరులో ఉన్నాడు, వాడి తరఫున నేను" అని ఒకరితో మొదలై, చివరికి ఒకే మనిషి జేబులోంచి పద్నాలుగు ఓట్లు బయటికొస్తాయి.

రుసుము కట్టి, ఫారం నింపినవాళ్లని చేర్చుకోవాల్సిందే. కాదనాలంటే రాతపూర్వకంగా కారణం చెప్పాలి, అతను సర్వసభ్య సమావేశానికి అప్పీలు చేసుకోవచ్చు. దీనికి జోడుగా ఇంకో లైను: ఎన్నికకి తొంభై రోజుల ముందు వరకూ చేరినవాళ్లకే ఓటు. ఈ లైను లేకపోతే ఎన్నిక ముందురోజు రాత్రి ఎవరో రెండు వందల ఫారాలూ, ఇరవై వేలూ తెచ్చి టేబుల్ మీద పెడతారు. అప్పుడు ఓడిపోయినవాళ్లు అరుస్తారు, కానీ తప్పు నియమావళిదే.

పదవిలో ఎవరైనా వరసగా రెండు విడతలే. కార్యవర్గంలో కనీసం ఇద్దరు మహిళలు. కోశాధికారి అధ్యక్షుడికి బంధువు కాకూడదు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం తప్పనిసరి, దానికి ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు. సభ్యుల్లో పదోవంతు మంది సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పిలవాల్సిందే.

మరి పెద్ద మొత్తం ఇచ్చే దాతల్ని ఏం చేయాలి? వాళ్లు లేకుండా నడవదు. నా సలహా, వాళ్లకి 'గౌరవాధ్యక్షుడు' పదవి పెట్టండి. శాలువా, దండ, బ్యానరు మీద ఫోటో, ఫైనల్ రోజు కప్పు అందించే గౌరవం, అన్నీ ఇవ్వండి. ఆ పదవికి ఓటు మాత్రం ఉండదు. వార్డు నాయకులకీ ఇదే మందు. మన ఊళ్లో ఏ పార్టీవాళ్లూ బాధపడకుండా ఉండాలంటే నియమావళిలోనే రాసేయండి: ఏ పార్టీలోనైనా పదవిలో ఉన్నవాళ్లు కార్యవర్గంలో ఉండరాదని. మొదట్లో ఒకరిద్దరు మూతి ముడుస్తారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారిన రోజున అందరూ మీకు దండం పెడతారు.

డబ్బు

సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసే ఏర్పాటు. ఫోన్‌పే నంబరు కోశాధికారిది కాకూడదు, క్యూఆర్ కోడు సంఘం ఖాతాదే అయ్యుండాలి. నంబర్లు అచ్చయిన రసీదు బుక్కు వాడండి. మూడు నెలలకోసారి జమాఖర్చులు ఒక పేజీలో రాసి గ్రౌండు గోడకి అంటించండి. చీటీ పాడేవాళ్లు పుస్తకం అడిగితే చూపించే ఆమె దగ్గరే చీటీ వేస్తారు కదా, అంతే.

క్లబ్బుని ఏమడగాలి

ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు. సంఘం రిజిస్టరైన ఉత్సాహంలో పాతిక డిమాండ్లు రాస్తారు. కోచ్‌ని మార్చాలి, ఫలానా పిల్లవాణ్ణి ఆడించాలి, టీ స్టాలు ఫలానావాళ్లకివ్వాలి. టీములో ఎవరుండాలన్నది కోచ్ పని, అందులో తలదూర్చిన మరుక్షణం మీ మాటకి బరువు పోతుంది.

మూడే అడగండి. ఒకటి, ఏటా లెక్కలు అభిమానుల ముందు పెట్టడం. రెండు, క్లబ్బు కార్యవర్గంలో అభిమానులు ఎన్నుకున్న ఇద్దరికి ఓటుతో కూడిన చోటు. మూడు, క్లబ్బు పేరు, రంగు, చిహ్నం, ఊరు, ఈ నాలుగూ సభ్యుల ఓటు లేకుండా మార్చకూడదన్న నిబంధన. మూడూ క్లబ్బు నియమావళిలోకి ఎక్కాలి. నోటిమాటగా "మీరూ రండప్పా, కూర్చోండి" అంటే ఒప్పుకోకండి. 'ప్రత్యేక ఆహ్వానితులు' అనే కుర్చీ కూడా వద్దు, ఆ కుర్చీకి టీ వస్తుంది గానీ ఓటు రాదు.

మాట్లాడటానికి ఇద్దరో ముగ్గురో వెళ్లండి, గుంపుగా వద్దు. సంభాషణ ఇలా ఉంటుంది:

"ఏమప్పా, ఇరవై ఏళ్ల నుంచి నా డబ్బు పెట్టి నడిపిస్తాండా. ఇప్పుడు నన్నే లెక్కలు అడుగుతారా?"

"అన్నా, మీరు పెట్టింది ఎంతో ఊరికి తెలియాలనే అడుగుతుండాం. లెక్క బయటికొస్తే మీకే పేరు."

ఇది ముఖస్తుతి అనుకోకండి. చాలాసార్లు ఇది నిజం కూడా. సొంత డబ్బు పెట్టినవాళ్లు పుస్తకం చూపించడానికి పెద్దగా వెనకాడరు. ఎక్కువగా వెనకాడేది ఇతరుల డబ్బు పెట్టినవాళ్లు. ఆ తేడా ఆ గదిలోనే మీకు అర్థమైపోతుంది. బయటికొచ్చాక, మాట్లాడుకున్నదంతా ఉత్తరంగా రాసి, స్పీడ్ పోస్టులో పంపండి.

గ్రౌండు ఎవరిది?

అడిగినా కదలకపోతే గ్రౌండు వైపు తిరగండి. మన దగ్గర ఏ క్లబ్బుకీ సొంత స్థలం ఉండటం అరుదు. యూనివర్సిటీ మైదానమో, మునిసిపల్ హైస్కూలు గ్రౌండో, కార్పొరేషన్ స్థలమో ఉంటుంది. అది ప్రజలది. ఇంగ్లండులో నార్తాంప్టన్ టౌన్ క్లబ్బు అప్పుల్లో మునిగినప్పుడు, 1992లో అభిమానులు ట్రస్టుగా ఏర్పడ్డారు. బ్రయన్ లోమాక్స్ అనే ఆయన ముందుండి నడిపించాడు. రెండేళ్ల తర్వాత ఆ ఊరి కౌన్సిల్ కట్టించిన కొత్త స్టేడియంలోకి క్లబ్బు మారింది. అభిమానుల ప్రతినిధి క్లబ్బు బోర్డులో ఉండాలన్న షరతుకి ఆ కౌన్సిలే అండగా నిలిచింది. అభిమానులకి క్లబ్బు మీద లేని పట్టు కౌన్సిల్‌కి ఉంది, కౌన్సిల్ మీద పట్టు ఓటర్లుగా వాళ్లకుంది.

మీరూ అదే దారి పట్టండి. ముందు సమాచార హక్కు దరఖాస్తు. క్లబ్బు ప్రైవేటు సొసైటీ అయితే దానికి నేరుగా వేయడం కుదరకపోవచ్చు. యూనివర్సిటీకీ, కార్పొరేషన్‌కీ వేయవచ్చు. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ప్రశ్నలు పొట్టిగా, పత్రాలు అడిగేలా ఉండాలి: ఫలానా గ్రౌండు ఫలానా క్లబ్బుకి ఏ ఉత్తర్వు కింద ఇచ్చారు, ఎంతకాలానికి, ఎంత కట్టారు, రసీదుల నకళ్లు ఇవ్వండి. "ఎందుకు ఇచ్చారు" అని అడగకండి, "ఎందుకు" అనే ప్రశ్నకి సమాచారం లేదని రాసి పంపేస్తారు.

ఆ కాగితాలు పట్టుకుని, గడువు పొడిగించే సమయానికి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌నో కార్పొరేషన్ కమిషనర్‌నో కలిసి ఒకటే కోరండి: లెక్కలు బయటపెట్టి, అభిమానులకి చోటిచ్చే క్లబ్బుకే గ్రౌండు ఇవ్వాలని షరతు పెట్టమని. క్లబ్బుని బయటికి గెంటమని మాత్రం అడగకండి. ఆ ఖాళీలోకి క్రికెట్ కోచింగ్ సెంటరు వచ్చి కూర్చుంటుంది.

దీనికి కాలం కూడా కలిసొస్తోంది. మన చీరాల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన జస్టిస్ లావు నాగేశ్వరరావు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకి రాసిన రాజ్యాంగాన్ని 2025 సెప్టెంబరులో కోర్టు ఆమోదించింది. అందులో మాజీ ఆటగాళ్లకీ ఓటు పెట్టారు. పైన అంత పెద్ద సమాఖ్యలో ఆటగాడికి ఓటు వచ్చినప్పుడు, కింద మన క్లబ్బులో అభిమానికి ఎందుకు రాకూడదని అడిగితే కాదనడం కష్టం.

ఎన్నిక రోజు

మీ సంఘం మొదటి ఎన్నిక మీద అందరి కళ్లూ ఉంటాయి. క్లబ్బు పెద్దలవి మరీ. చేతులెత్తించే పద్ధతి వద్దు. మన ఊళ్లో మామ ముందు అల్లుడు, ఓనరు ముందు డ్రైవరు చెయ్యెత్తలేరు. చీటీ మీద రహస్య ఓటే పెట్టండి. పోలింగు పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంచితే రెండు షిఫ్టులవాళ్లూ వేయగలుగుతారు. ఎన్నిక జరిపించడానికి ఏ వర్గానికీ చెందని రిటైర్డు టీచరునో బ్యాంకు ఉద్యోగినో పిలవండి. సభ్యుల జాబితా వారం ముందే గ్రౌండు గోడకి పడాలి, అభ్యంతరాలు అప్పుడే తేలిపోవాలి. లెక్కింపు అక్కడే, అందరి ముందూ, చీటీ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ చేయాలి. ఏకగ్రీవం చేసేద్దామని ఎవరో పెద్దమనిషి తప్పకుండా సలహా ఇస్తాడు. నమస్కారం పెట్టి, ఓటింగు జరపండి.

ఎన్నికయ్యాక కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్‌కి దాఖలు చేయడం మర్చిపోవద్దు. చట్టంలోని 23వ సెక్షను కింద సొసైటీ వ్యవహారాల మీద వివాదం వస్తే సభ్యుడెవరైనా మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు. సభ్యుడు అన్న మాట చూశారుగా. క్లబ్బు సొసైటీ అయితే మీలో కొందరు దానిలో కూడా సభ్యత్వం తీసుకుని ఉండమనేది ఇందుకే. స్టాండులో పాతికేళ్లు అరిచినవాడికి ఆ తలుపు తెరుచుకోదు.

క్లబ్బే ఊరు విడిచి పోతే

జరగదనుకోకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చింది, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది, తర్వాత జీతాలివ్వలేని స్థితికి చేరి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మొదట పుణె అభిమాని, తర్వాత హైదరాబాద్ అభిమాని. ఇద్దరినీ ఎవరూ అడగలేదు. కోల్‌కతాలో మాత్రం కథ కొంచెం వేరు. మోహన్ బగాన్ క్లబ్బు పేరుకి ముందు 2020లో ఏటీకే అనే ఇంకో క్లబ్బు పేరు చేరిస్తే, అభిమానులు మూడేళ్లు వదలకుండా గొడవ చేశారు. 2023లో ఆ మూడక్షరాలు పోయాయి.

లండన్‌లో వింబుల్డన్ క్లబ్బుని 2002లో మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు కొన్ని వారాల్లోనే కొత్త క్లబ్బు పెట్టారు, ఊరి మైదానంలో సెలక్షన్ ట్రయల్స్ జరిపి, చాలా కింది స్థాయి లీగులో మొదలుపెట్టారు. 2011కి ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు, 2020లో తమ పాత వీధికి, ప్లౌ లేన్‌కి తిరిగొచ్చారు. ఇప్పటికీ ఆ క్లబ్బులో పెద్ద వాటా అభిమానుల ట్రస్టుదే. మధ్యలో ఇంకో పోరాటం నడిచింది, పాత కప్పులు ఎవరివని. చివరికి 2007లో ఆ ట్రోఫీలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కి చేరాయి.

కాబట్టి ఈ పని ఈ వారంలోనే చేయండి. మీ క్లబ్బు గెలిచిన షీల్డులూ కప్పులూ ఎక్కడున్నాయి? ఎవరో ఒకరి ఇంటి షోకేసులో, టీవీ పక్కన ఉండి ఉంటాయి. పోనీయండి, అక్కడే ఉండనివ్వండి. ఒక్కోదానికీ ఫోటో తీసి, ఏ సంవత్సరం, ఏ టోర్నమెంటు, కింద చెక్కిన అక్షరాలేమిటో స్టాకు రిజిస్టరులో రాయండి. పాత టీము ఫోటోలు, పేపర్ కటింగులు కూడా. 'క్లబ్బు ఆస్తి, భద్రత కోసం మా ఇంట్లో ఉంచబడింది' అని ఒక లైను రాసి, ఆ ఇంటి యజమాని సంతకం తీసుకోండి. ఒక ప్రతి ఆయనకి, ఒకటి సంఘం ఫైలులో, ఒకటి గ్రౌండు ఇచ్చిన ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి.